థామస్ ఫ్రై స్వీయచిత్రం (1760)

ఐర్లండులో పుట్టి లండన్‌లో స్థిరపడిన చిత్రకారుడు థామస్ ఫ్రై (సుమారు 1710–1762) తన ముఖాన్ని తానే రాగి రేకు మీద చెక్కి, 1760లో లండన్‌లోని హాటన్ గార్డెన్ నుంచి విడుదల చేసిన ముద్రణచిత్రం ఇది. పద్ధతి మెజోటింట్. ఎత్తు సుమారు 50 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 35. నిజమైన మనిషి తల ఎంత ఉంటుందో ఇందులోని తల దాదాపు అంత ఉంటుంది. ఫ్రై ఒక చేతికి తల ఆనించి, మరో చేత్తో సుద్దముక్క బిగించే లోహపు కాడను పట్టుకుని, చూసేవారి వంక చూస్తుంటాడు. చుట్టూ చీకటి. ఈ చిత్రం ప్రతులు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలోను ఉన్నాయి.

ఆనాడు మెజోటింట్ అంటే ప్రధానంగా నకలు తీసే విద్య. పేరున్న చిత్రకారుడు తైలవర్ణంలో ఒక దొర బొమ్మ వేస్తాడు; దాన్ని వేరొకరు రాగి మీదికి ఎక్కిస్తారు; అచ్చయిన కాగితం అడుగున ఇద్దరి పేర్లూ వేరువేరుగా ఉంటాయి, వేసినవాడిది ఎడమ పక్కన, చెక్కినవాడిది కుడి పక్కన. ఫ్రై 1760 నాటి ముద్రణలలో ఈ రెండు పేర్లూ ఒకటే. చిత్రకారుడు, ఊహించినవాడు, చెక్కినవాడు అన్న మూడు హోదాలూ లాటిన్ మాటల్లో ఆ ఒక్క పేరు పక్కనే కనిపిస్తాయి. ఈ ముద్రణలకు కళాచరిత్రలో ఉన్న విలువలో సగం ఆ ఒక్క పంక్తిలోనే ఉంది. నకళ్ల పద్ధతిని స్వతంత్ర రచనకు, అందులోనూ సొంత ముఖానికి వాడుకున్న తొలి పెద్ద ప్రయత్నాలలో ఇది ఒకటి.

పద్ధతి

మామూలు చెక్కుడు చిత్రంలో ఖాళీ రేకు తెల్లగా అచ్చవుతుంది. గీత గీసిన చోట సిరా నిలిచి నలుపు వస్తుంది. మెజోటింట్‌లో వ్యవహారం పూర్తిగా తలకిందులు. ముందు రేకంతా నల్లగా అచ్చయ్యేటట్టు సిద్ధం చేస్తారు. ఇందుకు వాడే పనిముట్టును రాకర్ అంటారు. వెడల్పాటి ఉక్కు బిళ్ల, దానికి అర్ధచంద్రాకారపు అంచు, ఆ అంచుకు సన్నని పళ్లు. దాన్ని రేకు మీద ఆనించి అటూ ఇటూ ఊపుతూ ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిపిస్తారు. తరువాత దిశ మార్చి మళ్లీ. ఆపైన ఏటవాలుగా మళ్లీ. ఇలా పదుల సార్లు. తిరగలి రాయికి గంట్లు పెట్టినట్టే అనుకోవచ్చు, కాకపోతే ఇక్కడ గంట్లు కంటికి ఆనవు. ప్రతి గంటు పక్కనా లేచిన రాగి పొక్కు సిరాను పట్టుకుంటుంది. ఈ దశలో అచ్చు తీస్తే కాగితం మీద మఖమలు వంటి నిండు నలుపు తప్ప ఏమీ ఉండదు.

అసలు బొమ్మ అప్పుడు మొదలవుతుంది. కత్తి వంటి స్క్రేపర్‌తో పొక్కులను కొద్దికొద్దిగా గీకేస్తారు. ఎంత గీకితే అంత తక్కువ సిరా నిలుస్తుంది, అంత వెలుగు వస్తుంది. కంటిలో మెరుపు, ముక్కు కొన, నుదుటి మీద కాంతి వంటి చోట్ల బర్నిషర్ అనే నున్నటి ఉక్కు కాడతో రాగిని అద్దంలా రుద్దుతారు. అక్కడ సిరా నిలవదు, కాగితం తెలుపే మిగులుతుంది. మొత్తం మీద కళాకారుడు చీకటి నుంచి వెలుగులోకి పనిచేస్తాడు. గీత అనేదే లేకుండా నీడ మాత్రమే రూపాన్ని చూపిస్తుంది. చర్మం, పట్టు, బొచ్చు, పొగ, కొవ్వొత్తి వెలుగు వంటివి ఈ పద్ధతిలో పండినట్టు మరే చెక్కుడులోనూ పండవు.

లోపం కూడా ఆ పొక్కులలోనే ఉంది. అచ్చుయంత్రం ఒత్తిడికి అవి త్వరగా నలిగిపోతాయి. రాగి రేకు నుంచి నిండు నలుపుతో మేలైన ప్రతులు వంద, ఆపైన మరికొన్ని వస్తే గొప్ప. తరువాత వచ్చేవి బూడిద రంగుకు తిరుగుతాయి. అందుకే మెజోటింట్ సేకరించేవారు తొలి ప్రతుల కోసం పోటీ పడతారు. పుస్తకాలలోను, తెరల మీద కనిపించే చిన్న బొమ్మల్లోను ఫ్రై చిత్రాన్ని చూసి పెదవి విరిచేవారు గుర్తుంచుకోవలసింది కూడా ఇదే: వారు చూసింది నలుపు కాదు, నలుపు తాలూకు వెలిసిన జాడ.

స్వీయచిత్రానికి అచ్చులో ఇంకో విశేషం ఉంది. చిత్రకారుడు తనను అద్దంలో చూసుకుంటాడు, అద్దం కుడిఎడమలను మారుస్తుంది. తైలవర్ణ స్వీయచిత్రాలలో కుడిచేతివాటం చిత్రకారులు ఎడమచేతివాళ్లలా కనిపించడానికి కారణం అదే. రేకు నుంచి కాగితానికి వచ్చేటప్పుడు బొమ్మ మళ్లీ తిరగబడుతుంది. అద్దంలో కనిపించింది కనిపించినట్టు రేకు మీద దించితే, అచ్చయిన కాగితం మీద మనిషి లోకానికి కనిపించే తీరులోనే వస్తాడు.

ఫ్రైకి ముందు

మెజోటింట్‌కు పుట్టిన తేదీ ఉంది. జర్మన్ సైనికోద్యోగి లుడ్విగ్ ఫాన్ జీగెన్ 1642లో హెస్సె-కాసెల్ రాజప్రతినిధి అమేలియా ఎలిజబెత్ చిత్రాన్ని ఈ పద్ధతిలో ముద్రించాడు. ఆయన వాడింది పళ్ల చక్రం. రేకును నలుపు చేసి గీకడం కాదు, నీడ కావలసిన చోట మాత్రమే చుక్కలు పెట్టడం. ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ మేనల్లుడు ప్రిన్స్ రూపర్ట్ ఈ విద్యను అందుకుని రాకర్ పద్ధతికి తెచ్చాడు. 1658లో రూపర్ట్ చెక్కిన తలారి చిత్రం నేటికీ ఈ కళలోని మేటి పనులలో ఒకటి. ఇంగ్లీషు రచయిత జాన్ ఎవెలిన్ 1662లో అచ్చువేసిన ‘స్కల్ప్చురా’ పుస్తకంలో ఈ పద్ధతి సంగతి ఇంగ్లీషువారికి చెప్పాడు గాని, ఎలా చేయాలో మాత్రం కావాలనే దాచిపెట్టాడు. దాపరికం ఎక్కువ కాలం సాగలేదు. రూపర్ట్ దగ్గర పనిచేసిన వాలరాంట్ వయాంట్ ఆమ్‌స్టర్‌డామ్‌లో దీన్నే వృత్తిగా చేసుకున్నాడు.

18వ శతాబ్దానికి ఈ పని ఇంగ్లండులో ఎంతగా వేళ్లూనిందంటే ఫ్రెంచివారు దీన్ని ‘ఇంగ్లీషు తరహా’ అనేవారు. నిజానికి శతాబ్దం నడిమి దశకాలలో లండన్ మెజోటింట్‌ను నిలబెట్టినవారిలో చాలామంది డబ్లిన్ నుంచి వచ్చిన ఐరిష్‌వాళ్లు: జేమ్స్ మకార్డెల్, రిచర్డ్ హ్యూస్టన్ మొదలైనవారు. జాషువా రెనాల్డ్స్ వేసిన తైలచిత్రాలు ఊరూరా తెలిసింది వీరి చేతుల మీదుగానే. 1735లో చిత్రకారుడు హోగార్త్ పట్టుబట్టి సాధించిన చట్టం వల్ల ముద్రణచిత్రాలకు 14 ఏళ్ల హక్కు దక్కింది. రేకు మీద తేదీ, హక్కుదారు పేరు చెక్కడం నియమమైంది. ఫ్రై ముద్రణల కాలం ఇంత కచ్చితంగా మనకు తెలియడానికి ఆ చట్టం కూడా ఒక కారణం.

పింగాణీ బట్టీల నుంచి రాగి రేకుకు

ఫ్రై స్వస్థలం నేటి ఐర్లండులో ఆఫలీ జిల్లాలోని ఎడెన్‌డెరీ అని చెబుతారు. 1730ల నడుమ లండన్ చేరాడు. 1736లో జీనులు చేసేవారి సంఘం తమ భవనం కోసం యువరాజు ఫ్రెడరిక్ నిలువెత్తు చిత్రం వేయమని ఆయనకు పని ఇచ్చింది. దాన్ని 1741లో తానే మెజోటింట్‌గా చెక్కాడు. అంటే రాకర్ పట్టడం ఆయనకు 1760లో కొత్త కాదు.

కాని నడి వయసంతా వేరే పనికి పోయింది. 1744లో ఎడ్వర్డ్ హేలిన్‌తో కలిసి పింగాణీ తయారీకి పేటెంటు తీసుకున్నాడు. అందులో చెప్పిన మట్టి అమెరికాలోని చెరోకీల ప్రాంతం నుంచి రావలసినది, పేరు ఉనేకర్. 1749లో తన పేరనే రెండో పేటెంటు పొందాడు. ఎముకలను కాల్చిన బూడిదను మట్టిలో కలపడం ఆ పేటెంటులోని కిటుకని పండితులు గుర్తించారు. ఆ శతాబ్దం చివర ఇంగ్లండులో స్థిరపడిన బోన్ చైనాకు ఇదే దారి వేసింది. లండన్‌కు తూర్పున లీ నది ఒడ్డున నడిచిన బౌ కర్మాగారానికి ఫ్రై నిర్వాహకుడు. చైనా రేవు కాంటన్ మీద పోటీతో తమ కర్మాగారానికి ‘న్యూ కాంటన్’ అని పేరు పెట్టుకున్నారు. 1750 నాటి సిరాబుడ్లమీద ఆ పేరు ఇప్పటికీ చదవవచ్చు.

1759 నాటికి ఆరోగ్యం దెబ్బతిని ఫ్రై ఆ పని మానుకున్నాడు. దాదాపు 15 సంవత్సరాలు బట్టీల వేడిలో గడపడమే అందుకు కారణమని ఆయన పోయిన కొద్దికాలానికే అచ్చయిన జీవిత వివరాలు చెబుతాయి. గాలి మార్పు కోసం వేల్స్ వెళ్లి, కోలుకుని లండన్ తిరిగి వచ్చి, హాటన్ గార్డెన్‌లో ఇల్లు తీసుకున్నాడు. మళ్లీ బొమ్మలు మొదలుపెట్టాడు. తరువాత తత్త్వవేత్తగా పేరొందిన జెరెమీ బెంథామ్ బాలుడిగా ఉన్న తైలచిత్రం ఆ రోజులదే. అదీ ఇప్పుడు నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. ఫ్రై కూతురు క్యాథరిన్ కూడా పింగాణీ మీద బొమ్మలు వేసే పనిలో పేరు తెచ్చుకుంది. రష్యా రాణి క్యాథరిన్ కోసం జొసయా వెడ్జ్‌వుడ్ 1773–74లో తయారుచేయించిన భోజనపు సెట్టు మీద చిత్రాలు వేసినవారిలో ఆమె ఒకరు.

1760 నాటి తలలు

1760 వసంతంలో రెండు సంగతులు జరిగాయి. లండన్ కళాకారులు కలిసి తొలిసారి బహిరంగ ప్రదర్శన పెట్టారు. ఇంచుమించు అదే సమయంలో ఫ్రై పత్రికలో ఒక ప్రకటన ఇచ్చాడు: ప్రకృతి నుంచి నేరుగా గీసిన, నిజమైన కొలతగల పన్నెండు తలల మెజోటింట్లు చందాదారులకు ఇస్తానని. అవి వెనిస్ చిత్రకారుడు పియాజెట్టా తరహాలో ఉంటాయని ప్రకటనలోనే చెప్పుకున్నాడు. పియాజెట్టా నలుపు, తెలుపు సుద్దలతో గీసిన తలలకు యూరప్ అంతటా గిరాకీ ఉండేది. ఫ్రై అక్కడి నుంచి తీసుకున్నది దగ్గరితనం, కొలత. నీడను మాత్రం పియాజెట్టా సుద్ద చేరలేని లోతుకు రాగి మీద తీసుకుపోయాడు.

ఈ తలలకు పేర్లు లేవు. తలపాగా చుట్టినవాడు ఒకడు, మరో చోట ఒక యువకుడు. ఎవరో తెలియదు, తెలియనవసరం లేదు. చిత్రం అంటే ఫలానా ప్రభువుది అని చూసే మార్కెట్టులో పేరులేని ముఖాలను ఇంత పెద్దగా, ఇంత ఖరీదైన శ్రమతో అచ్చువేయడం సాహసమే. 1761–62లో అలంకరించుకున్న స్త్రీల తలలతో రెండో వరుస వచ్చింది. గొప్పింటి స్త్రీలను కూర్చోమని అడిగితే, తమ ముఖం పక్కన ఎవరి ముఖం ఉంటుందో తెలియదని వారు నిరాకరించారని ఒక కథ ఉంది. నిజమైనా కాకపోయినా ఆ కథ ఆనాటి లండన్‌కు సరిగ్గా సరిపోతుంది. రాజు మూడో జార్జి, రాణి షార్లట్ చిత్రాలూ ఫ్రై చెక్కాడు. వారిని నాటకశాలలో చూసి గీసుకునేవాడనీ, ఆ సంగతి తెలిసి రాజదంపతులు ఆయనకు కనిపించేటట్టు ముఖం తిప్పేవారనీ మరో కథ.

ఆ పేరులేని తలల నడుమ పేరున్న తల ఒకటి ఉంది, ఆయనదే. పద్ధతి అదే, కొలత అదే, కాంతి పడే తీరు అదే. తక్కిన తలలను ఎలా పరిశీలించాడో తననూ అలాగే పరిశీలించాడు. చేతికి తల ఆనించిన భంగిమ పాతదే. 1514లో డ్యూరర్ చెక్కిన ‘మెలంకోలియా’లోని రెక్కల స్త్రీ నుంచీ అది దిగులుకూ మేధకూ కలిపి గుర్తు. అయితే డ్యూరర్ బొమ్మలో చుట్టూ గంట, ఇసుక గడియారం, త్రాసు వంటి సంకేతాలెన్నో ఉంటాయి. ఫ్రై వాటన్నిటినీ తీసేశాడు. వృత్తిని చెప్పే సుద్దకాడ మాత్రం ఉంచుకున్నాడు. అది కూడా రాకర్ కాదు, స్క్రేపర్ కాదు, గీసే పరికరం. చెక్కేవాడిగా కాక రచించేవాడిగా తనను చూడమని ఆయన అడుగుతున్నాడని అనిపిస్తుంది.

పంచాంగం లెక్కన 1760 రొమాంటిక్ యుగం కాదు. ఆ పేరు మామూలుగా శతాబ్దపు చివరి పాదానికి చెల్లుతుంది. అయినా ఈ చిత్రాన్ని ఆ యుగపు తొలి సూచనలతో కలిపి చదవడం సబబు. మూడేళ్ల ముందే, 1757లో, ఎడ్మండ్ బర్క్ అనే మరో ఐరిష్‌వాడు మహోన్నతం, సుందరం అన్న భావాల మీద పుస్తకం రాసి, చీకటీ అస్పష్టతా మనసును పట్టి కుదిపే శక్తులని వాదించాడు. 1759లో ఎడ్వర్డ్ యంగ్ అనుకరణ కంటే స్వతంత్ర సృష్టే గొప్పదని వ్యాసం రాశాడు. 1760లోనే జేమ్స్ మాక్‌ఫర్సన్ స్కాట్లండు కొండల ప్రాచీన గీతాలంటూ తన తొలి సంపుటం అచ్చువేశాడు. ఫ్రై ఈ రచనలు చదివి ఉండనక్కరలేదు. గాలి అలా వీస్తోంది. చీకట్లోంచి ఒంటరి ముఖాన్ని బయటికి లాగే పద్ధతి అప్పటికే ఆయన చేతిలో ఉంది.

ఈ పని ఆయనకు ఎక్కువ కాలం దక్కలేదు. 1762 ఏప్రిల్ 2న ఫ్రై క్షయతో మరణించాడు. స్వీయచిత్రం విడుదలై అప్పటికి రెండేళ్లు.

ప్రభావం

ఫ్రై తలలను అందరికంటే శ్రద్ధగా చూసినవాడు డెర్బీకి చెందిన చిత్రకారుడు జోసెఫ్ రైట్. 1766లో ప్రదర్శించిన ఆరరీ (గ్రహాల కదలికలు చూపే యంత్రం) ఉపన్యాసం చిత్రంలోను, 1768 నాటి గాలి పంపు ప్రయోగం చిత్రంలోను దీపపు వెలుగులో కనిపించే ముఖాలలో కొన్ని ఫ్రై ముద్రణల నుంచి వచ్చాయని బెనెడిక్ట్ నికల్సన్ మొదలైన కళాచరిత్రకారులు చూపించారు. రైట్ బొగ్గుతో వేసుకున్న స్వీయచిత్రాలలోనూ ఈ ప్రభావం స్పష్టం: పెద్ద తల, టోపీ, సగం ముఖం నీడలో. రైట్ ఆరరీ చిత్రాన్ని 1768లో మెజోటింట్‌గా చెక్కింది మళ్లీ ఫ్రై శిష్యుడే, విలియం పెథర్. రాగి మీద నుంచి తైలానికి పోయిన నీడ శిష్యుడి చేతుల మీదుగా తిరిగి రాగికే వచ్చింది. గాలి పంపు చిత్రాన్ని 1769లో వాలెంటైన్ గ్రీన్ చెక్కాడు. ఈ రెండు ముద్రణలూ చూస్తే మెజోటింట్ అప్పటికి ఎంత ఎత్తుకు చేరిందో తెలుస్తుంది.

పెథర్ గురువు బాటలో తన ముఖం కూడా చెక్కుకున్నాడు. కాని గురువు గాంభీర్యం అతనికి లేదు. స్పానిష్ వేషంలో కూర్చుని, చిత్రానికి ‘డాన్ మైలివ్ రెటెప్’ అని పేరు పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలను వెనక నుంచి చదివితే అతని పేరే.

జెనీవాలో జాన్-ఎటియెన్ లియొటార్ 1780 ప్రాంతంలో, ఎనభైకి దగ్గరపడిన వయసులో, గడ్డానికి చెయ్యి ఆనించిన తన పెద్ద స్వీయచిత్రాన్ని మెజోటింట్, పళ్ల చక్రం, చెక్కుడు కలిపి ముద్రించాడు. అతనికి కావలసింది దిగులు కాదు. వెలుగునీడలు ఒకదానికొకటి బలికాకుండా ఎలా ఉండవచ్చో నిరూపించడం. ఆ ఉద్దేశాన్ని బొమ్మ కిందే రాసుకున్నాడు. ఫ్రై చిత్రం పక్కన పెట్టి చూస్తే లియొటార్‌ది పాఠంలా ఉంటుంది. నేర్చుకోవడానికి మంచిదే, చూసేవారిని నిలబెట్టేది మాత్రం ఫ్రై చిత్రం.

19వ శతాబ్దంలో మెజోటింట్ ముఖాల నుంచి ప్రకృతికి మళ్లింది. టర్నర్ 1807 నుంచి 1819 దాకా వెలువరించిన ‘లిబెర్ స్టూడియోరమ్’లో కొన్ని రేకులను తానే గీకాడు. 1820లలో థామస్ లప్టన్ కృషితో రాగి స్థానంలో ఉక్కు రేకు వచ్చి, వందల ప్రతులు వేలయ్యాయి. జాన్ మార్టిన్ మిల్టన్ కావ్యానికి ఉక్కు మీద నేరుగా చెక్కిన 24 చిత్రాలు ఆ సదుపాయం ఫలితమే. కాన్‌స్టబుల్ ఆకాశాలను డేవిడ్ లూకాస్ ముద్రించాడు. ఉక్కు గట్టిదే గాని దాని నలుపు రాగి నలుపంత మెత్తన కాదు. ఫ్రై తొలి ప్రతి చూసిన కంటికి ఆ తేడా వెంటనే పట్టుబడుతుంది.

ఫ్రై మళ్లీ చర్చలోకి రావడానికి 20వ శతాబ్దం ద్వితీయార్ధం కావలసి వచ్చింది. రైట్ మీద నికల్సన్ 1968లో వెలువరించిన గ్రంథం, ఆ తరువాత ఐరిష్ పరిశోధకుడు మైకేల్ విన్ వ్యాసాలు ఆయనను పింగాణీ చరిత్రలోని పాదసూచిక స్థానం నుంచి ఇవతలికి తెచ్చాయి. అంతవరకు ఇంగ్లీషు కళాచరిత్రలు ఆయనను చిన్నచూపు చూడడానికి చెక్కుడు పనివారికి ఉన్న హోదా కూడా ఒక కారణం. 1768లో స్థాపించిన రాయల్ అకాడమీ ఎన్‌గ్రేవర్లకు పూర్తి సభ్యత్వం ఇవ్వలేదు. ఆరుగురిని మాత్రం ‘అసోసియేట్లు’గా కింది మెట్టు మీద కూర్చోబెట్టింది. రాబర్ట్ స్ట్రేంజ్ వంటివారు దీన్ని నిరసిస్తూ రాశారు కూడా. ఎన్‌గ్రేవర్‌గా ఆ సంస్థలో పూర్తి సభ్యత్వం పొందిన తొలి వ్యక్తి శామ్యూల్ కజిన్స్. సంవత్సరం 1855, ఫ్రై పోయిన 93 ఏళ్లకు. కజిన్స్ కూడా మెజోటింట్ చెక్కినవాడే.